కోతకు ముందు కొలత: చిన్న వయసులో తుంటి డిస్‌ప్లేజియా, ఆపరేషన్ నిర్ణయం

అందరికీ నమస్కారం. చాలామంది చేతుల్లో ఎక్స్‌రే కవర్లు కనిపిస్తున్నాయి. వాటిని ఇక్కడ విప్పకండి. ఒక్కొక్కరి తుంటి గురించి సభలో తీర్పు చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. ఇంటికెళ్లి ఆ కవరు విప్పినప్పుడు ఏం చూడాలో, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిసేలా మాత్రం చెబుతాను.

తుంటి కీలంటే ఒక బంతి, ఒక గిన్నె. తొడ ఎముక పైకొస బంతి. కటి ఎముకలో ఉన్న గుంట గిన్నె. డిస్‌ప్లేజియాలో ఆ గిన్నె లోతు తక్కువగా, కాస్త పళ్లెంలా, వాలుగా తయారవుతుంది. బంతికి పైనా ముందూ కప్పు చాలదు. మామూలుగా నడుస్తున్నప్పుడే తుంటి మీద ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల భారం పడుతుంది. 60 కిలోల మనిషికి అది 150 నుంచి 180 కిలోలు. లోతైన గిన్నెలో ఆ భారం పరుచుకుంటుంది. వాలుగా ఉన్న గిన్నెలో అంచు దగ్గర ఒక సన్నటి పట్టీ మీదే పడుతుంది. బిందె కింద చుట్టకుదురు సరిగ్గా కుదరకపోతే తలలో ఒక్కచోటే ఒత్తుకుంటుంది చూడండి, ఇదీ అంతే.

గిన్నె అంచు చుట్టూ లేబ్రం అని మెత్తటి వలయం ఉంటుంది. కుక్కర్ మూతకు రబ్బరు లాంటిది. లోపలి ద్రవాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడం దాని పని. బరువు మోయడం దాని పని కాదు. గిన్నె చిన్నదైనప్పుడు ఆ బరువు కూడా దాని మీదే పడుతుంది. కొన్నేళ్లు మోసి మోసి ఉబ్బుతుంది, ఆ తర్వాత చిరుగుతుంది. నొప్పి మొదలయ్యేది సాధారణంగా అప్పుడే. ఈ కుక్కర్ రబ్బరు మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

నొప్పి ఎక్కడ? గజ్జలో. ఎక్కడ నొప్పి అని అడిగితే చాలామంది బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జ వైపుకు పెట్టి తుంటిని పక్కనుంచి పట్టుకుని చూపిస్తారు. ఎక్కువసేపు నిలబడ్డా, నడిచినా పెరుగుతుంది. సాయంత్రానికి పిరుదు పక్క కండరాలు అలిసిపోయి నడకలో చిన్న కుంటు వస్తుంది. నొప్పి పిరుదులోనే ఉండి పిక్క దాకా దిగుతుంటే ముందు నడుమును అనుమానించాలి. దీనికి తిరగబడిన కథ కూడా ఉంటుంది. గజ్జ నొప్పితో వచ్చినవాళ్లకు నడుము ఎంఆర్‌ఐ తీసి, డిస్క్ కాస్త ఉబ్బిందని చెప్పి, నెలల తరబడి బెల్టు కట్టించడం. గజ్జలో నొప్పి అని చెప్పే పాతికేళ్ల మనిషికి ముందు తీయాల్సింది కటి ఎక్స్‌రే. దాంట్లోనే తొడ ఎముక బంతికి రక్తం అందక ఎముక దెబ్బతినే ఏవీఎన్ ఛాయలు ఉంటే కనిపించవచ్చు. ఆ జబ్బు తొలిదశను పట్టుకోవాలంటే మాత్రం ఎంఆర్‌ఐ కావాలి. డిస్‌ప్లేజియా వేరు, ఏవీఎన్ వేరు. రెంటికీ ఒకే మందు, ఒకే ఆపరేషన్ కాదు.

ఇంకో సంగతి. ఇలాంటి తుంటి ఉన్నవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు ఒళ్లు బాగా వంగేది. బాసింపట్టు సులువుగా వేస్తారు, పద్మాసనం అడగ్గానే వేస్తారు, కూచిపూడిలో అరమండి చక్కగా కూర్చుంటారు. గురువులు మెచ్చుకునే ఆ సాగుడు కొందరిలో గిన్నె లోతు లేకపోవడం వల్ల, స్నాయువులు వదులుగా ఉండటం వల్ల వచ్చింది. నొప్పి వచ్చాక, పట్టేసింది అనుకుని దాన్ని ఇంకా సాగదీస్తారు. అది నిప్పుకు గాలి విసిరినట్టే.

ఇప్పుడు కవర్లోని ఎక్స్‌రే సంగతి. అది ఎలా తీశారన్నదే మొదటి ప్రశ్న. ఒక్క తుంటి ఫిల్ము చాలదు. రెండు తుంట్లూ ఒకే ఫిల్ములో, వీలైతే నిలబడి ఉండగా తీసింది కావాలి. తోక ఎముక చివర, ముందు జఘన ఎముకల అతుకు ఒకే నిలువు గీతలో ఉండాలి. రెండు మధ్యా ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. కటి ముందుకో వెనక్కో వాలి ఉంటే కొలతలు మారిపోతాయి. ఇవేవీ చూడకుండా రాసిన రిపోర్టులో అంకె ఎంత కచ్చితంగా కనిపించినా నమ్మలేం. దీంతోపాటు, మనిషిని పక్కకు తిప్పి నిలబెట్టి తీసే ఫాల్స్ ప్రొఫైల్ అనే ఫిల్ము ఒకటి ఉంది. బంతికి ముందువైపు కప్పు ఎంత ఉందో చెప్పేది అదే. చాలాచోట్ల దాన్ని తీయరు. అడిగి తీయించుకోండి.

కొలతల్లో ముఖ్యమైనది స్వీడన్ డాక్టరు గున్నార్ విబెర్గ్ 1939లో చెప్పిన కోణం. బంతి మధ్య నుంచి నిటారుగా ఒక గీత, అదే మధ్య నుంచి గిన్నె బయటి అంచుకు ఇంకో గీత. వాటి మధ్య కోణం 25 డిగ్రీలు దాటితే సాధారణం. 20 కంటే తక్కువైతే డిస్‌ప్లేజియా. 20 నుంచి 25 మధ్య సందిగ్ధం. ఇక్కడ తరచూ ఒక తప్పు జరుగుతుంది. గీతను గీయాల్సింది బరువు మోసే ఆ తెల్లటి గట్టి పట్టీ, అంటే కనుబొమలాగా కనిపించే భాగం, దాని బయటి అంచుకు. దానికి అవతల పొడుచుకొచ్చిన ఎముక చివరకు గీస్తే కోణం కొన్ని డిగ్రీలు ఎక్కువగా వచ్చి, ఉన్న లోపం కప్పబడిపోతుంది. రెండో కొలత ఆ కనుబొమ వాలు. టోనిస్ కోణం అంటారు. 10 డిగ్రీల లోపు ఉండాలి. అది దాటితే గిన్నె వాలుగా ఉందన్నమాట, బంతి బయటికి జారుతుంటుంది. మూడోది ఫాల్స్ ప్రొఫైల్‌లోని ముందువైపు కోణం. ఇది 20 కంటే తక్కువైతే ముందు కప్పు చాలడం లేదు.

ఒక్క అంకెను పట్టుకుని ఆపరేషన్‌కు వెళ్లకూడదు, అంకె బాగుందని ఊరుకోనూ కూడదు. విబెర్గ్ కోణం 23 ఉండి, టోనిస్ వాలు 13 ఉండి, ఒళ్లు చాలా వదులుగా ఉన్న అమ్మాయి తుంటి నిజానికి అస్థిరమైనదే. అదే 23 ఉండి, వాలు 4 ఉండి, ఒళ్లు బిగువుగా ఉంటే అది మరోరకం సమస్య. ఒంటి వదులును కొలిచే బైటన్ స్కోరు ఉంది, తొమ్మిది మార్కులకు. చిటికెన వేలు ఎంత వెనక్కి వంగుతుంది, బొటనవేలు ముంజేతికి తగులుతుందా, మోచేయి, మోకాలు వెనక్కి పోతాయా, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు తగులుతాయా అని చూస్తారు. డాక్టరు ఇది చూడలేదంటే మీరే అడగండి. సందిగ్ధ తుంటిలో అంకెలకంటే ఇదే ఎక్కువ చెబుతుంది. తొడ ఎముక మెడ ముందుకు ఎంత తిరిగిందో కూడా సీటీలో కొలవాలి. బాగా ఎక్కువగా తిరిగి ఉంటే గిన్నె ఒక్కదాన్నే సరిచేసినా సరిపోక, తొడ ఎముకను కూడా కోసి తిప్పాల్సి రావచ్చు.

ఇంతసేపూ గిన్నె లోతు గురించే మాట్లాడాం. నిర్ణయంలో దానికి సమానమైన బరువు ఇంకోదానికి ఉంది. మృదులాస్థి ఎంత మిగిలింది? ఎక్స్‌రేలో బంతికీ గిన్నెకూ మధ్య నల్లటి ఖాళీ కనిపిస్తుంది కదా, అది ఖాళీ కాదు, మృదులాస్థి, అంటే కీలులో ఎముకల మీద ఉండే నున్నటి మెత్తటి పొర. టోనిస్ పేరుతోనే అరుగుదలకు 0 నుంచి 3 దాకా గ్రేడ్లు ఉన్నాయి. 0, 1 అంటే సొంత కీలును కాపాడే ఆపరేషన్, అంటే గిన్నెను కోసి బంతి మీదికి తిప్పేది, దాని గురించి ఆలోచించవచ్చు. 2 దగ్గర వాదన మొదలవుతుంది. 3 అంటే మృదులాస్థి దాదాపు పోయింది, అక్కడ గిన్నెను తిప్పి ప్రయోజనం లేదు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి తీసే ఎక్స్‌రే కూడా ఉపయోగపడుతుంది. అలా పెట్టినప్పుడు బంతి గిన్నెలో చక్కగా కుదిరితే, తిప్పాక కూడా కుదురుతుందని ఆశించవచ్చు. కుదరకపోతే గిన్నెను తిప్పినంత మాత్రాన కుదరదు.

కాబట్టి గిన్నె ఎంత లోతు, మృదులాస్థి ఎంత మిగిలింది, నొప్పి బతుకును ఎంత ఆపుతోంది, ఈ మూడూ కలిపి చూడాలి. మూడోదాన్ని డాక్టర్లం తేలిగ్గా తీసుకుంటాం, మీరు తీసుకోకండి. నొప్పి లేకుండా, వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో డిస్‌ప్లేజియా బయటపడితే, దాని కోసమే కోయించుకోవడం నా దృష్టిలో తొందరపాటు. ఏడాదికోసారి పరీక్ష, కండరాలకు వ్యాయామం, బరువు పెరగకుండా చూసుకోవడం, అంతే. అలాగని జబ్బు తనంతట తానే మానుతుందనీ అనుకోవద్దు. ఒక తుంటి డిస్‌ప్లేజియాతో అరిగిపోయి కృత్రిమ కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ల రెండో తుంటిని పరిశీలించిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. 65 ఏళ్ల దాకా బాగున్న రెండో తుంట్లలో విబెర్గ్ కోణం 16 కంటే తక్కువ ఉన్నది ఒక్కటీ లేదు. కోణం అంత తక్కువైతే కాలం మన వైపు ఉండదు.

నొప్పి ఉంటే ముందు కోత లేని దారి. కనీసం మూడు నెలలు సరిగ్గా. సరిగ్గా అంటే పిరుదు పక్క కండరాలకు, నడుముకు బలం ఇచ్చే వ్యాయామం, వారంలో చాలా రోజులు. సాగదీయడం కాదు. బద్ధకోణాసనం, పద్మాసనం, హనుమానాసనం లాంటివి ఆపండి. యోగా మొత్తాన్ని మానమనడం లేదు, కీలును చివరిదాకా తోసేవి మాత్రం మానండి. దూకుడు ఆటల బదులు ఈత, సైకిల్. బాగా నొప్పి ఉన్న రోజుల్లో చేతికర్ర వాడితే, దాన్ని నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. నొప్పి కుడి తుంటిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, అప్పుడు లాభం సగానికి సగం పోతుంది. నొప్పి మాత్రలు వారాల తరబడి వేసుకుంటే కడుపు, మూత్రపిండాలు చూసుకోవాలి.

నొప్పి నిజంగా కీలు నుంచేనా అన్న అనుమానం ఉంటే ఒక పరీక్ష ఉంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్. తర్వాతి రెండు మూడు గంటలు నొప్పి తెప్పించే పనులే చేసి చూడాలి. మెట్లెక్కండి, నడవండి. నొప్పి బాగా తగ్గితే మూలం కీలులోనే ఉంది. తగ్గకపోతే ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా నిరాశే. ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికెళ్లి పడుకుంటే ఆ పరీక్ష వృథా.

ఇక ఆపరేషన్లు. ముందుగా చిన్న కోతది, ఆర్థ్రోస్కోపీ. రెండు మూడు రంధ్రాలు, కెమెరా, చిరిగిన లేబ్రం కుట్టడం. వినడానికి సులువుగా ఉంటుంది, అందుకే నేను దీన్ని జాగ్రత్తగా చూడమంటాను. కుక్కర్ మూతే వంకరగా ఉంటే కొత్త రబ్బరు ఎన్నాళ్లు ఆగుతుంది? డిస్‌ప్లేజియా స్పష్టంగా ఉన్న తుంటిలో ఆర్థ్రోస్కోపీ ఒక్కటే చేసి, లోపలికి దారి కోసం కీలు పొరను కోసి సరిగ్గా కుట్టకుండా వదిలేస్తే, లేదా లేబ్రాన్ని కత్తిరించి పారేస్తే, వదులుగా ఉన్న కీలు ఇంకా వదులవుతుంది. బంతి ముందుకు జారుతుంది, ఉన్న మృదులాస్థి త్వరగా పోతుంది. సందిగ్ధ తుంట్లలో, అదీ ఒళ్లు బిగువుగా, వాలు తక్కువగా ఉన్నవాళ్లకు, లేబ్రం కుట్టి పొరను మళ్లీ బిగించే పద్ధతిలో అది పనికొస్తుంది. గిన్నెను తిప్పే ఆపరేషన్‌తో కలిపి కూడా చేస్తారు.

ఆ గిన్నెను తిప్పేదాని పేరు పెరిఎసిటాబ్యులర్ ఆస్టియాటమీ, పొట్టిగా పీఏఓ. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో మొదలుపెట్టి, 1988లో ప్రచురించారు. ఎదుగుదల పూర్తయి, గిన్నెలోని పెరుగుదల పట్టీ మూసుకున్నవాళ్లకే ఇది. సాధారణంగా నలభై లోపు వయసు. గిన్నె చుట్టూ ఎముకను కోసి, మృదులాస్థితో సహా గిన్నెను విడదీసి, బంతి మీదికి తిప్పి, మూడు నాలుగు స్క్రూలతో బిగిస్తారు. మీ సొంత గిన్నె, మీ సొంత మృదులాస్థి, కొత్త దిక్కుకు తిరుగుతాయి. లోపల ప్లాస్టిక్, లోహం కీలు ఉండదు.

కోతల వరస తెలిస్తే ప్రమాదాలూ అర్థమవుతాయి. తుంటి ముందువైపు నుంచి లోపలికి వెళ్తారు. మొదటిది కింద, మనం కూర్చునే ఎముకలో, సగం వరకే. రెండోది ముందు ప్యూబిస్‌ను, అంటే జఘన ఎముకను, పూర్తిగా. మూడోది పైన ఇలియంలో, అంటే కటి పై రెక్క ఎముకలో. నాలుగోది వెనకవైపు కిందికి దిగి మొదటిదాన్ని కలుస్తుంది. కానీ వెనక స్తంభం, అంటే గిన్నె వెనక ఉండే మందపాటి ఎముక, దాన్ని మాత్రం చెక్కు చెదరకుండా వదిలేస్తారు. ఈ ఆపరేషన్‌లో తెలివంతా అక్కడే ఉంది. కటి వలయం తెగదు కాబట్టి మనిషి త్వరగా లేచి నిలబడగలడు. ప్రసవమార్గం ఆకారం పెద్దగా మారదు. ఎక్స్‌రే యంత్రం చూస్తూ ప్రతి కోతా వేస్తారు. కోత కీలులోకి జారినా, వెనక స్తంభం తెగినా సమస్యే.

తిప్పడం ఎంత అన్నది ఇంకో చిక్కు. తక్కువ తిప్పితే నొప్పి అలాగే ఉంటుంది. ఎక్కువ తిప్పితే గిన్నె ముందంచు తొడ ఎముక మెడను కొడుతుంది. అప్పుడు కుర్చీలో ముందుకు వంగినా, గొంతుకూర్చున్నా కొత్త నొప్పి మొదలవుతుంది. విబెర్గ్ కోణం 25 దాటి 40 లోపు, టోనిస్ వాలు 0 నుంచి 10 మధ్య వచ్చేలా చూస్తారు. బల్ల మీదే కాలును వంచి తగులుతోందా లేదా అని పరీక్షిస్తారు. తగిలితే మెడ దగ్గర ఎముకను కాస్త చెక్కాల్సి రావచ్చు.

ఫలితాలు ఏమంటాయి? బెర్న్‌లో 1984 నుంచి 1987 మధ్య చేసిన మొట్టమొదటి 75 తుంట్లను దశాబ్దాలు గమనించారు. సుమారు ఇరవై ఏళ్లకు 60 శాతం తుంట్లు కీలు మార్పిడి లేకుండా నిలబడ్డాయి. ముప్ఫై ఏళ్లకు మార్పిడి లేకుండా, అరుగుదల పెరగకుండా, నొప్పి పెద్దగా లేకుండా ఉన్నవి 29 శాతం. ఇది విని కొందరు నీరసపడతారు. కానీ అవి నేర్చుకుంటున్న రోజుల్లో చేసినవి, కొందరికి అప్పటికే అరుగుదల ఉంది. ఆ లెక్కల్లోనే త్వరగా విఫలమైనవి ఎవరివో కూడా తేలింది. నలభై దాటినవాళ్లు, ఆపరేషన్‌కు ముందే కుంటు, అరుగుదల ఉన్నవాళ్లు. అందుకే మృదులాస్థి గ్రేడు గురించి ముందు అంత చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ల మనిషి కృత్రిమ కీలును నలభై ఎనిమిది దాకా వాయిదా వేయగలిగితే అది పెద్ద లాభం. పీఏఓ చేయించుకున్నంత మాత్రాన తర్వాత కీలు మార్పిడికి దారి మూసుకోదు.

ప్రమాదాలను సంతకం పెట్టే కాగితంలో చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. తొడ బయటివైపు చర్మం తిమ్మిరెక్కడం చాలామందికి జరుగుతుంది. ముందునుంచి వెళ్లే దారిలో ఆ నరం ఉంటుంది మరి. కొందరికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నడకకు అడ్డురాదు. కాలిని కదిలించే పెద్ద నరాలు, సయాటిక్ లేదా ఫెమోరల్, దెబ్బతినడం అరుదు, నూటికి ఇద్దరి వరకు. ఇది నిజంగా భయపడాల్సింది. వాళ్లలో సగం మందికే పూర్తిగా కోలుకోవడం కనిపించింది. ప్యూబిస్ కోత అతకకపోవడం ఉంది. చాలాసార్లు నొప్పి ఉండదు. కూర్చునే ఎముకలో లేదా వెనక స్తంభంలో వారాల తర్వాత సన్నటి పగులు రావచ్చు. తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పిరుదులో పెరిగితే ఎక్స్‌రే తీయించాలి. పిక్క వాపు, నొప్పి, ఊపిరి అందకపోవడం కనిపిస్తే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లాలి. బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇవన్నీ పెరుగుతాయి. సిగరెట్ ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది, అందుకని కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందే మానేయాలి. మన అమ్మాయిల్లో రక్తహీనత చాలా ఎక్కువ. ఇదేమో రక్తం పోయే ఆపరేషన్. హిమోగ్లోబిన్ రెండు నెలల ముందే చూసుకుని ఐరన్‌తో పెంచుకోండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పాలి, రక్తం గడ్డకట్టడంతో వాటికి సంబంధం ఉంది.

ఆస్పత్రిలో మూడు నుంచి ఐదు రోజులు. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు క్రచెస్ మీద, ఆపరేషన్ అయిన కాలి మీద 10 నుంచి 20 కిలోలకు మించకుండా. పది కిలోలంటే ఎంతో కాలికి ఎలా తెలుస్తుంది? బరువు తూచే మిషన్ మీద ఆ కాలు పెట్టి, ముల్లు పది దగ్గరికి వచ్చేదాకా నొక్కి, ఆ ఒత్తిడిని గుర్తుపెట్టుకోవాలి. రోజూ ఒకసారి చేయండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు క్రచెస్‌తోపాటు ఆపరేషన్ కాలు ముందు. ఎముక అతకడానికి మూడు నెలలు. అప్పటిదాకా నేల మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వద్దు. ముందే ఇంట్లో కమోడ్, దాని పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఏర్పాటు చేసుకోండి. పై అంతస్తు అద్దె ఇల్లయి లిఫ్టు లేకపోతే ఆ రెండు నెలలు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోవాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి రెండు మూడు నెలలు సెలవు అనుకోండి, నిలబడి చేసేదానికి ఇంకా ఎక్కువ. పరుగు, ఆటలు ఆరు నెలల నుంచి ఏడాది.

మృదులాస్థి పోయినవాళ్లకు కీలు మార్పిడి. ముప్ఫైల్లో వద్దంటే వద్దని పట్టుపట్టి, కుంటుతూ, మాత్రలతో పదేళ్లు గడపమనడం కూడా న్యాయం కాదు. ఇప్పుడు వాడే సెరామిక్ బంతి, గట్టిపరిచిన పాలిథిలీన్ లోపొర బాగానే అరుగుదల తట్టుకుంటున్నాయి. కీలు మార్పిళ్లను దేశాలవారీగా నమోదు చేసే పెద్ద రిజిస్ట్రీల లెక్కల్ని కలిపి 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, తుంటి మార్పిళ్లలో సుమారు 58 శాతం పాతికేళ్లు నిలుస్తాయి. కానీ ఆ లెక్కలో ఎక్కువమంది పెద్దవాళ్లు. 2017లో వచ్చిన మరో అధ్యయనంలో, యాభైల మొదట్లో మార్పిడి చేయించుకున్న మగవాళ్లకు జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరపడే అవకాశం సుమారు 35 శాతం, డెబ్బై దాటినవాళ్లకు 5 శాతం. ఇంకా చిన్న వయసులో చేయించుకునేవాళ్లు రెండో ఆపరేషన్ వస్తుందనే లెక్కతోనే మొదలుపెట్టాలి. పైగా డిస్‌ప్లేజియా తుంటిలో గిన్నె చిన్నది, తొడ ఎముక లోపలి గొట్టం సన్నది, మెడ తిరిగి ఉంటుంది. చిన్న సైజు ఇంప్లాంట్లు ఉన్నాయా, ఇలాంటివి ఎన్ని చేశారు అని అడగడం మీ హక్కు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

ఒక తల్లి అడుగుతున్నారు, అమ్మాయికి ఇరవై నాలుగు, పెళ్లికి ముందా తర్వాతా అని. అమ్మా, నిర్ణయించాల్సింది తుంటి, ముహూర్తం కాదు. పీఏఓ తర్వాత గర్భం దాల్చవచ్చు, మామూలు ప్రసవానికి అది అడ్డు కాదు. ఎముక పూర్తిగా అతికి, కండరం తిరిగి బలపడేదాకా, అంటే ఏడాది దాకా ఆగమంటాం. గర్భంలో బరువు పెరిగి, స్నాయువులు వదులవుతాయి కాబట్టి నొప్పి ఉన్న తుంటితో గర్భం కష్టమే. ఇంకొకటి, ఇది కుటుంబాల్లో వస్తుంది. రేపు పుట్టే బిడ్డకు ఆరు వారాలప్పుడు తుంటి అల్ట్రాసౌండ్ చేయించండి. కాళ్లు చాపి బిగించి గుడ్డ చుట్టకండి. మన పెద్దవాళ్లు బిడ్డను చంకన వేసుకునే తీరు, కాళ్లు రెండువైపులా ఎడంగా ఉండేది, పసి తుంటికి మంచిదే.

రెండో ప్రశ్న పీఆర్‌పీ, అంటే మన రక్తం నుంచే తీసి ఎక్కించే ప్లేట్‌లెట్ల ద్రవం, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ల గురించి. ఇంజెక్షన్ ఏదైనా ఎముక ఆకారాన్ని మార్చదు. కట్టు గురించి కూడా ఎవరో అడిగారు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్లు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు, అది వేరే చర్చ. ఇక్కడ విరిగిందేమీ లేదు. గిన్నె అలా పెరిగింది. పైనుంచి కట్టినా, నూనె పట్టించినా దాని లోతు పెరగదు.

రెండువైపులా ఉంటే? చాలామందికి రెండువైపులా ఉంటుంది. ఎక్కువ నొప్పి ఉన్నది ముందు. అది కోలుకుని, బరువు మోయగలిగాక, సాధారణంగా ఆరు నెలల తర్వాత రెండోది. రెండోదానికి నొప్పే లేకపోతే ఆగి చూడొచ్చు. సెలవులూ డబ్బూ లెక్కవేసుకునేటప్పుడు రెండింటినీ కలిపి వేసుకోండి. బీమా పాలసీల్లో పుట్టుకతో వచ్చిన లోపాలకు షరతులు ఉంటాయి, అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అమెరికా నుంచి అబ్బాయి ఇక్కడికొచ్చి చేయించుకోవచ్చా అని ఆ వెనక ఉన్నవారు అడుగుతున్నారు. చేయించుకోవచ్చు. అయితే ఆరు వారాలకు, మూడు నెలలకు ఎక్స్‌రే చూసి బరువు పెంచమని చెప్పేది కోసిన సర్జనే అయితే మంచిది. మొదటి వారాల్లో సుదీర్ఘ విమాన ప్రయాణం రక్తం గడ్డకట్టడానికి దోహదం చేస్తుంది. మూడు నెలలు ఇక్కడ ఉండగలిగితే రమ్మనండి. సర్జన్ ఎక్కడివారైనా అడగాల్సింది ఒకటే. పీఏఓలు ఏడాదికి ఎన్ని చేస్తారు? సమాధానం రెండో మూడో అయితే, మర్యాదగా, ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఇది చేతి అలవాటుతో వచ్చే ఆపరేషన్. ఎవరూ నొచ్చుకోవాల్సిన అవసరం లేదు.

చివరి ప్రశ్న, స్క్రూలు తీయించాలా? గుచ్చుకుని ఇబ్బంది పెడితే తప్ప అక్కర్లేదు. పెడితే, ఎముక అతికిన తర్వాత, సాధారణంగా ఏడాది దాటాక, చిన్న ఆపరేషన్‌తో తీస్తారు. ఉంచినా తీసినా, ఆపరేషన్ నోట్ కాపీ, స్క్రూల పెట్టె మీద ఉండే స్టిక్కర్లు, ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు ఆస్పత్రి నుంచి అడిగి తెచ్చుకుని ఒకే ఫైల్లో పెట్టుకోండి, ఫోన్లో ఫొటోలు కూడా. ఎప్పుడో కీలు మార్పిడి చేయాల్సి వస్తే, గిన్నె ఎటు ఎంత తిరిగి ఉందో, లోపల ఏ స్క్రూకు ఏ స్క్రూడ్రైవర్ కావాలో ఆ సర్జన్ మొదట వెతికేది ఆ ఫైల్లోనే.